దాపటి బ్రేకు, ఎలపటి బ్రేకు

గడ్డి కోసే యంత్రం ఏది కొనాలన్న విషయంలో మా అపార్ట్‌మెంట్ల సంఘం మూడు నెలలుగా రెండు ముక్కలైపోయి ఉంది. వెనక నిలబడి తోసుకుంటూ పోయేది చాలునని మూడో టవరు వాళ్లు, ఎక్కి కూర్చుని నడిపేది లేకపోతే పరువే దక్కదని ఏడో టవరు వాళ్లు. పొద్దున లేచింది మొదలు ఫోన్‌లో ఒకరికొకరు బొమ్మలు పంపుకుంటారు. ఏ దేశంలోనో ఒక తెల్లాయన చేతిలో కాఫీ కప్పుతో యంత్రమెక్కి పచ్చిక మీద పెళ్లికొడుకులా ఊరేగుతుంటాడు. దాని కింద నలభై మంది బొటనవేళ్లు. పోయిన ఆదివారం కంపెనీ మనిషి నమూనా యంత్రంతో వచ్చి, మొత్తం ఎంత జాగా ఉంటుందని అడిగాడు. మా సెక్రటరీ సుబ్బారావుగారు చదరపు అడుగుల్లో చెప్పబోయి, అంకె గుర్తు రాక జేబులు తడుముకుంటున్నారు. బెంచీ మీద ఎండకు కూర్చున్న నాకు నోరు ఊరుకోలేదు. "అర నాగలి కూడా ఉండదు నాయనా" అన్నాను. అందరూ నావైపు తిరిగి, ఎనభై ఆరేళ్ల మనిషి మాటకు నవ్వవలసినంత నవ్వి, మళ్లీ తమ పనిలో పడ్డారు.

వాళ్ల తప్పేమీ లేదు. ఈ పన్నెండు టవర్లూ నిలబడ్డది గోపన్‌పల్లిలో మా తాత గుండ్ల చెలక అనే మెట్టపొలం మీదేనని వాళ్లకేం తెలుసు. తొమ్మిదో అంతస్తులో నా కూతురు నాకిచ్చిన గదిని కిటికీతో సహా నేల మీదికి దించితే, అది సరిగ్గా మేం మధ్యాహ్నం సద్ది తినే చోటికి వస్తుంది. చెలకలో ఏనుగంత గుండ్లు పదీ పన్నెండు ఉండేవి. బిల్డరు అన్నిటినీ మందుపెట్టి పేల్చేసి, ఒక్కదాన్ని మాత్రం అందం కోసం ఉంచాడు. దానికి రంగు దీపాలు పెట్టి, ఎవరూ ఎక్కరాదని బోర్డు తగిలించారు. ఆ గుండు మీద నేనెన్ని జారుడు బండలు జారానో, ఎన్ని లంగాలు చింపుకున్నానో ఆ బోర్డు రాసినవాడికి ఎవరు చెప్పాలి?

ఆ సాయంత్రం యాదమ్మ నా బెంచీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఇక్కడి గడ్డిని ఇన్నాళ్లూ కొడవళ్లతో కోస్తున్నది ఆమె, బాలమణి, లక్ష్మి. ముగ్గురూ నానక్‌రామ్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటారు. పొద్దున్నే షేరాటోలో వస్తారు. యాదమ్మ కొడవలి కొంగుతో తుడుస్తూ, ఎటో చూస్తూ, "అమ్మా, మిషిని వస్తే మేము రావాల్నా, వద్దా?" అంది. సంఘంలో మూడు నెలలుగా ఎవరికీ తట్టని ప్రశ్న అదొక్కటే. ఇదే ప్రశ్న నన్ను ఈ ఊళ్లోనే ఇంకో మనిషి అడిగాడని గుర్తొచ్చింది. అప్పుడు నాకు పదేళ్లు.

ముందు నాగలి సంగతి చెప్పాలి. మా వైపు భూమిని ఎకరాల్లో చెప్పుకునేది కచేరీలో పట్వారీ ఒక్కడే. మిగతా లోకానికి నాగలే కొలత. ఒక జత ఎడ్లు, ఒక మనిషి కలిసి ఒక ఏడాదిలో ఎంత భూమిని పండించగలరో అది ఒక నాగలి. పిల్లనిచ్చేవాళ్లు కూడా "ఎన్ని నాగండ్ల ఎవుసం?" అనే అడిగేవాళ్లు. మాది ఎనిమిది నాగండ్ల ఎవుసం. అంటే కొట్టంలో పదహారు ఎడ్లు, వాటి వెనక ఎనిమిది మంది జీతగాళ్లు. తాత ఈ మాట చెప్పేటప్పుడు మీసం మీదికి చెయ్యి దానంతట అదే పోయేది. ఆ నాగళ్ల మేడి ఆయన ఎన్నడూ పట్టలేదని, పట్టిన ఎనిమిది మంది మీసాల మీదికి చేతులు పోవని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా ఇంట్లో రోజు మొదలయ్యేది కొట్టంలోనే. చీకటి విచ్చుతుండగా నాయనమ్మ కుడితి గోళెం దగ్గర నిలబడి ఒక్కొక్క ఎద్దునూ పేరుపెట్టి పిలిచేది. తవుడు, పులిసిన కలి, రాత్రి మిగిలిన అంబలి కలిసిన కుడితి వాసన, తడి పేడ వాసన, వంటింట్లోంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన మూడూ కలిసి వస్తేనే నాకు తెల్లవారినట్టు. నాయనమ్మ మనుషులతో తక్కువ మాట్లాడేది, ఎడ్లతో ఎక్కువ. మా అమ్మ మీద కోపం వస్తే అది కూడా ఎద్దుకే చెప్పేది. "ఈ ఇంట్ల ఉప్పు చారెడు పోసినా అడిగేటోళ్లు లేరు, విన్నవా" అని కర్రెద్దు చెవిలో అంటే, అమ్మ వంటింట్లో ఉప్పు డబ్బా మూత గట్టిగా వేసేది. ఎద్దు మధ్యన నిలబడి రెండు వైపులా చెవులాడించేది.

రాజ్యం మారిన కొత్తలు అవి. పట్నంలో కొత్త మిల్లులకు మనుషులు కావాలంటే, మా ఎనిమిది మందిలో ముగ్గురు జీతగాళ్లు దండం పెట్టి వెళ్లిపోయారు. మూడు నాగళ్లు అటకెక్కాయి. ఆరు ఎడ్లు తిని పడుకోవడం మొదలుపెట్టాయి. ఏటా మిర్గం కార్తె వాన పడేనాటికి దుక్కి పూర్తయి ఉండే చెలకలో ఆ ఏడు సగానికి గడ్డి మొలిచింది. బాపుకు, అంటే మా నాయనకు, అప్పుడే ట్రాక్టరు పిచ్చి పట్టింది. సికింద్రాబాదులో ఒక దుకాణం ముందు ఎర్రటి యంత్రం నిలబెట్టి ఉండగా చూశాడట. ఇంటికొచ్చి దాన్ని వర్ణించిన తీరు విని, అమ్మ కొన్నాళ్లు అది యంత్రం కాదేమోనని అనుమానపడింది.

తాతను ఒప్పించడం మాటలు కాదు. ఆయనకు లోకంలో రెండే నమ్మకాలు. ఒకటి, ఎద్దును ఎంచడం ఆయనకు తెలిసినట్టు నర్సింగి పశువుల అంగడిలో ఇంకెవరికీ తెలియదని. పళ్లు చూసి వయసు చెప్పేవాడు, నొసటి సుడి చూసి యజమాని భవిష్యత్తు చెప్పేవాడు. వీపు మీద చెయ్యి వేస్తే చర్మం జలదరించిన ఎద్దునే కొనేవాడు. రెండో నమ్మకం, అచ్చులో పడ్డ మాట అబద్ధం కాదని. ఆయనకు చదువు రాదు, అందుకే చదువంటే అంత భయభక్తులు. మందు సీసా మీది చీటీని కూడా కళ్లకద్దుకుని తీసేవాడు. ఎవరన్నా ఎదురు చెబితే, "అచ్చుల ఉన్నదా? చూపియ్యి" అనేవాడు. దాంతో బాపు సికింద్రాబాదు దుకాణం నుంచి ఒక పుస్తకమే పట్టుకొచ్చాడు. నున్నటి కాగితాలు, రంగుల బొమ్మలు, ఇంటి నిండా కొత్త అచ్చు వాసన. చిక్కేమిటంటే అదంతా ఇంగ్లీషు. బాపుకు ఉర్దూ నీళ్లలా వచ్చు, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. ఊళ్లో ఇంగ్లీషు చదువుతున్న ఏకైక ప్రాణిని నేను.

పట్నంలో మా మేనమామ ఇంట్లో ఉండి ఆడపిల్లల బడిలో చదువుతూ, ఎండాకాలం సెలవులకు వచ్చాను. నా ఇంగ్లీషు వయసు ఒక్క ఏడాది. పిల్లి, ఎలుక, చాప అన్న మూడు మాటలు గడగడా చదవగలను. ఆ పుస్తకంలో పిల్లీ లేదు, ఎలుకా లేదు. కానీ అరుగు మీద తాత మూడు దిండ్ల మీద కూర్చుని, బాపు పక్కన నిలబడి, నాయనమ్మ తలుపు చాటున చెవి పెట్టి ఉండగా, రాదని చెప్పడానికి నాకు నోరెట్లా వస్తుంది? బొమ్మ చూసి చదివాను. చక్రం బొమ్మ ఉంటే "దీనికి చక్రములు పెద్దవి" అన్నాను. పొగగొట్టం ఉంటే "దీనికి పొగ వచ్చును" అన్నాను. అచ్చు మాటలా వినిపించడానికి చివర కొంచెం వ్యాకరణం తగిలించాలని నాకు అప్పుడే తెలుసు. తాత తల పంకిస్తూ, "మంచిగ రాసిండు" అన్నాడు. నాలుగు రోజుల్లో నా పేరు ఊరంతా పాకింది. సాయంత్రమైతే జనం పుస్తకం వినడానికి వచ్చేవాళ్లు. రోజూ అదే చదివితే బాగుండదని నేను రోజుకో సంగతి కలిపేదాన్ని.

ఆ జనంలో ఎల్లయ్య మామ ఎప్పుడూ చివర కూర్చునేవాడు. మా జీతగాళ్లలో పెద్దవాడు. ఎనిమిది నాగళ్లూ ఒకదాని వెనక ఒకటి సాగేటప్పుడు ముందరి నాగలి ఆయనది. ఆయన గీసిన సాలును చూసుకునే మిగతా ఏడూ నడిచేవి. నన్ను భుజమ్మీద ఎక్కించుకుని పెంచిన మనిషి. వరుస కలుపుకుని నేను మామా అంటే, ఆయన నన్ను కోడలా అనేవాడు. ఒకనాడు అందరూ లేచిపోయాక ఆయన నా దగ్గరకొచ్చి, బొమ్మల వైపు చాలాసేపు చూసి అన్నాడు.

"కోడలా, జర మల్లొకసారి సూడు. ముందట ఎడ్లు లెవ్వు, ఎనక మేడి లేదు. అండ్ల నాకేమన్న పని ఉన్నదా?"

నాకు ఆ పుస్తకం ఒక్కసారిగా బరువెక్కింది. ట్రాక్టరు వస్తే పట్నం నుంచి దుకాణం వాళ్ల డ్రైవరు కూడా వస్తాడని, ఎడ్లు అంగడికి పోతాయని ఇంట్లో అనుకోవడం నేను విన్నాను. ఎడ్లు పోతే వాటి వెనక మనుషులు ఎక్కడికి పోతారో ఎవరూ అనుకోలేదు. బొమ్మలో ఎర్రటి యంత్రం మీద ఒక ఖాళీ సీటు ఉంది. దాని కింద రెండు వరుసల అచ్చు. నేను ఆ వరుసల మీద వేలు పెట్టి, "ఈ బండిని నడుపువాడు ఇరువది ఏండ్లు నాగలి దున్నినవాడై ఉండవలెను" అని చదివాను. ఎల్లయ్య మామ, "గట్ల రాసిండా?" అన్నాడు. రాశాడన్నాను. మర్నాడు సాయంత్రం నిండు సభలో, తాత ఎదుట, అదే ముక్క మళ్లీ చదివాను. "ఉండవలెను" దగ్గర తాత చెయ్యి మీసం మీదికి పోయింది. "అరే, ఆ దేశపోనికి గూడ ఎర్కున్నది సూడు" అన్నాడు. ఆ రాత్రి నాకు జ్వరం వచ్చింది. వడదెబ్బ అనుకుని నాయనమ్మ ఉల్లిగడ్డ రసం పోసింది.

తరువాత దుకాణం ఏజెంటు వచ్చాడు. కోస్తా మనిషి, తెల్ల ప్యాంటు, ప్రతి మాటకూ ఒక అండి. గడప తగిలి బొటనవేలు చితికితే గడపకు కూడా అండి అన్నాడని అమ్మ చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వేది. ఎంత వ్యవసాయమని అడిగితే తాత మీసం దువ్వుతూ ఎనిమిది నాగండ్లన్నాడు. ఏజెంటు కళ్లు పెద్దవి చేసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకుని, దానికి సరిపోయే బండి తన దగ్గర ఉందని, పది రోజుల్లో చూపిస్తానని చెప్పి వెళ్లాడు.

పదో రోజున నేల అదిరింది. అన్నం తింటున్న వాళ్లం బయటికి ఉరికితే, ఊరి ద్వారం గవిని అవతల ఇల్లంత యంత్రం నిలబడి ఉంది. దానికి చక్రాలు లేవు, రెండు వైపులా ఇనుప గొలుసుల పట్టాలు. గవిని లోంచి అది పట్టదు. చుట్టూ తిప్పి పొలాల మీదుగా గుండ్ల చెలకకు తెచ్చేసరికి రెండు గట్లు నేలమట్టమయ్యాయి. తాత తువ్వాల దులిపి భుజాన వేసుకుని, అంగడిలో ఎద్దును ఎంచినట్టే దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పళ్లు కనిపిస్తాయేమోనని ముందు వంగి చూశాడు. వెనక్కి పోయి, తోక లేదే, ఈగలనెట్లా తోలుకుంటుందన్నాడు. ఆఖరికి, వీపు జలదరిస్తుందో లేదో చూద్దామని కాలిపోతున్న రేకు మీద అరచెయ్యి ఆనించాడు. జలదరించింది తాతే.

అరచేతికి వెన్న రాసుకుంటూనే దున్నించి చూశాడు. యంత్రం గుండ్ల మధ్యకు ఘీంకరిస్తూ పోయింది కానీ, తిరగడానికి చోటు చాలలేదు. పోయిన దారినే వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. ఎల్లయ్య మామ నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. ఇంత పెద్దది ఎందుకు తెచ్చావని బాపు నిలదీస్తే, ఏజెంటు చిన్న పుస్తకం తీసి చూపించాడు. ఎనిమిది నాగళ్లు అని పెద్దలే సెలవిచ్చారు కదండీ, ఎనిమిది నాగళ్లనూ ఒక్క లాగులో లాగే బండి ఇదొక్కటేనండి, బొంబాయి నుంచి తెప్పించామండి అన్నాడు. భూమి ఎంతని అడిగితే నాగళ్ల సంఖ్య ఎందుకు చెప్పారో ఆయనకు, నాగండ్లంటే భూమేనని ఎందుకు తెలియదో తాతకు అర్థం కావడానికి రెండు చెంబుల మజ్జిగ పట్టింది. తాత నవ్వలేదు. మిర్గం లోపల ఇంకొక్క బండి చూస్తానని, అదీ ఇట్లాగే అయితే ఈ ఇంట్లో మిషిని మాట ఎత్తొద్దని బాపుతో తేల్చి చెప్పాడు.

మధ్యలో నాయనమ్మ తన షరతు పెట్టింది. ఆమె తాతతో కాదు, కర్రెద్దుతో చెప్పింది, అందరికీ వినపడేటట్టు. ఆ మిషిని పేడ వేస్తదా? వెయ్యదు. మరి వాకిలి దేంతో అలుకుతారు, పొయ్యిలో ఏం పెడతారు, చెలకలో ఎరువేం చల్లుతారు? సికింద్రాబాదు పోయి పేడ కొనుక్కొస్తారేమో కొనుక్కురమ్మను. ఈ ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు లేదు, నేను కూడా కల్పించలేకపోయాను. బండి ఏదొచ్చినా రెండు జతల ఎడ్లు కొట్టంలోనే ఉంటాయని, వాటి వెనక ఇద్దరు మనుషులుంటారని ఆ పూటే తీర్మానమైంది. పేడ పుణ్యమా అని రెండు కుటుంబాలకు కూడు నిలిచింది.

రెండో బండి బూడిద రంగుది, చిన్నది. ముందు చక్రాలు బొమ్మ బండివిలా ఉన్నాయి. కిరసనాయిలు వాసన, కొత్త రబ్బరు వాసన. గవిని లోంచి తల వంచకుండా వచ్చిందని నాయనమ్మ మెచ్చుకుంది. ముందురోజే ఒక వాన పడి చెలక మెత్తబడింది. ఏజెంటు వెంట వచ్చిన డ్రైవరు, రోడ్డు మీద దర్జాగా నడిపేవాడే, సాలు చివరికి పోయి గుండు దగ్గర తిరగబోయేసరికి బండి అర్ధచంద్రం గీస్తూ పక్కవాళ్ల చెలకలోకి పోయింది. రెండోసారి గుండుకు తగిలి దీపం పగిలింది. మూడోసారి అతను దిగి, ఇది పొలం కాదు రాళ్ల గుట్ట అన్నాడు. తాత తువ్వాల భుజానికెత్తుకున్నాడు. అంటే బేరం లేచిపోయినట్టు. అప్పుడు బాపు గొంతు సవరించుకుని, పుస్తకంలో ఇరవయ్యేళ్లు దున్నినవాడే నడపాలని ఉంది కదా, పట్నపోణ్ణి ఎక్కించింది మన తప్పు అన్నాడు.

తాత ఏజెంటు వైపు తిరిగి, "అచ్చుల అట్లున్నది నిజమేనా?" అని అడిగాడు. ఏజెంటు ఇంగ్లీషు క్షుణ్ణంగా వచ్చిన మనిషి. ఆయన బాపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను నా కాలి వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. "అలాగే ఉందండి" అన్నాడాయన.

ఎల్లయ్య మామ చెప్పులు విడిచి, సీటును తాకి కళ్లకద్దుకుని ఎక్కాడు. డ్రైవరు ఒక్కొక్కటీ చూపిస్తూ చెబుతున్నాడు. ఆయన వినలేదు, కిందికి చూస్తున్నాడు. బ్రేకులు రెండున్నాయేమని అడిగాడు. ఒకటి వెనక ఎడమ చక్రాన్ని ఆపుతుంది, ఒకటి కుడి చక్రాన్ని. ఎందుకట్లా పెట్టారో తనకు తెలియదని, తాను ఎప్పుడూ రెండూ కలిపే తొక్కుతానని డ్రైవరు చెప్పాడు. ఎల్లయ్య మామ మొహం వెలిగిపోయింది. "అట్ల చెప్పవేందిర. ఇది దాపటిది, ఇది ఎలపటిది" అన్నాడు. కాడికి ఎడమన కట్టేది దాపటెద్దు, కుడిన కట్టేది ఎలపటెద్దు. సాలు చివర దాపటికి మళ్లాలంటే దాపటెద్దును నిలబెట్టి ఎలపటెద్దును అదిలించాలి. అది నిలబడ్డ దాని చుట్టూ తిరుగుతుంది. ముప్పయ్యేళ్లు ఆయన చేసింది అదే. బండి ఎగుడుదిగుడుగా గుండు దాకా పోయింది. ఆయన దాపటి బ్రేకు తొక్కి, నోటితో ఎలపటి చక్రాన్ని "ఛో ఛో" అని అదిలించాడు. బండి ఉన్నచోటనే గిర్రున తిరిగి, పాత సాలు పక్కనే కొత్త సాలు పట్టుకుంది. నేను ఏడ్చేశాను. అబద్ధం నిజమైపోతే ఎంత హాయిగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. తాత మాత్రం ఏమీ ఎరగనట్టు, "అచ్చుల ఊకెనే రాస్తరా" అన్నాడు.

ఆ బండిని ఎల్లయ్య మామ తన చేతులు ఆడినంత కాలం నడిపాడు. సాయంత్రం దాని మూతిలో నీళ్లు పోస్తూ "తాగు, తాగు" అనేవాడు. నాయనమ్మ దాన్ని నాగులమ్మ అని పిలిచేది, అమ్మ మీద పితూరీలు దానికి కూడా చెప్పేది. ఇదంతా చెప్పుకుని నవ్వుకోవడానికి బాగుంటుంది. నేను నవ్వలేని ముక్క ఒకటుంది. మిగిలిన ఐదుగురు జీతగాళ్లలో ఇద్దరిని పేడ కాపాడింది, ఒకరిని నా అబద్ధం కాపాడింది. సాయిలు, పోచయ్య అని ఇంకా ఇద్దరున్నారు. వాళ్ల ఎడ్లు నర్సింగి అంగడికి, వాళ్లు పట్నానికి ఒకే వారంలో పోయారు. బడి తెరిచాక ఒకనాడు మా బడి దారిలో సాయిలు కనిపించాడు, నెత్తి మీద బస్తా. దించి, చెమట తుడుచుకుని, చేతిలో ఒక జామకాయ పెట్టి, "నా దాపటెద్దును ఎవరు కొన్నరు, శాంతమ్మా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఎవరూ అడిగి ఉంచుకోలేదు.

ఎల్లయ్య మామకు కూడా ఆ ముల్లు ఉండిపోయింది. చాలా ఏళ్ల తరువాత, నేను పెళ్లయి ఊరికొచ్చినప్పుడు, ఆ రోజు బండి సరిగ్గా తిరగకపోయి ఉంటే సాయిలూ పోచయ్యా ఇక్కడే ఉండేవాళ్లన్నాడు. మరి చెడగొడితే పోయేది కదా అన్నాను. "చెలకల నిలవడి తప్పు సాలు తియ్యనీకి చెయ్యి రాలే, కోడలా" అన్నాడు.

బాపు ముసలివాడయ్యాక నా తప్పు ఒప్పుకున్నాను. ఆ పుస్తకంలో అట్లాంటి మాట లేదని, నేనే కల్పించానని చెప్పాను. బాపు పొడి దగ్గు దగ్గి, తనకు అప్పుడే తెలుసన్నాడు. రెండో బండి వచ్చిన పొద్దున్నే ఏజెంటును కొట్టం వెనకకు తీసుకుపోయి, పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివించుకున్నాడట. ఆ మాట ఎక్కడా లేదండి అని ఏజెంటు చెబితే, తాత అడిగితే ఉందని చెప్పమన్నాడట. ఎందుకని అడిగాను. "రాయాల్సిన మాటనే కదా బిడ్డా నువ్వు సదివింది. పుస్తకంల లేకుంటే అది రాసినోని తప్పు" అన్నాడు. అంత పెద్దవాణ్ణి పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. కానీ మా ఇళ్లల్లో ఆ అలవాటు లేదు, అందుకని మజ్జిగ తెచ్చిచ్చాను.

ఇక మా గడ్డి యంత్రం సంగతి. నిన్నటి సమావేశంలో ఏడో టవరే గెలిచింది. ఎక్కి కూర్చునేదే కొనడం, నడపడానికి ఏదో ఏజెన్సీ నుంచి మనిషిని పెట్టడం, పాత మనుషులను మాన్పించడం అని సుబ్బారావుగారు చదువుతుండగా, నేను కర్ర ఊనుకుని లేచి, నమూనా యంత్రంతో వచ్చిన లావుపాటి పుస్తకం ఒకసారి ఇమ్మన్నాను. కళ్లజోడు పెట్టుకున్నాను. ఇప్పుడు నా ఇంగ్లీషు వయసు డెబ్భై ఏడేళ్లు. ముప్పయ్యేళ్లు బడిలో అదే పాఠం చెప్పాను. ఒక పేజీ మీద వేలు పెట్టి తాపీగా చదివి వినిపించాను. నడిపే మనిషి ఆ నేల మీద గడ్డి కోసిన అనుభవం గలవారై ఉండాలి. రాతి నేలల్లో బ్లేడు విరగకుండా, ముందు నడిచి రాళ్లేరడానికి ఒక మనిషి తప్పనిసరి. గుండు చుట్టూ, చెట్ల మొదళ్ల దగ్గర యంత్రం పోదు గనుక, అక్కడ కొడవలితో కోయడానికి ఇంకొక మనిషి. వెనకటిసారి నేను ఒక్కరికే చదివాను. ఈసారి ముగ్గురికీ సరిపోయేటట్టు చదివాను.

ఏడో టవరు వాళ్లు తలలూపారు. సుబ్బారావుగారు, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, చేతికిచ్చిన ఏ కాగితాన్నీ చదవకుండా వదలరు. పుస్తకం తీసుకుని, నేను వేలు పెట్టిన పేజీ చూశారు. అది బ్యాటరీ గురించిన పేజీ. ఆయన తల ఎత్తి నన్ను చూశారు, కిటికీ అవతల గడ్డిలో వంగి ఉన్న ముగ్గురినీ చూశారు. గొంతు సవరించుకుని, "అలాగే ఉందండి" అని పుస్తకం మూసేశారు.

ఈ పొద్దున యాదమ్మ కొంగు నడుముకు చెక్కుకుని ఆ నమూనా యంత్రమే ఎక్కింది. ఆమె ఎల్లయ్య మామ మనుమరాలై ఉంటే కథకు బాగుండేది. కాదు, ఆమెది శంకర్‌పల్లి అవతల ఏదో ఊరు. లక్ష్మి ముందు నడుస్తూ రాళ్లేరుతోంది, బాలమణి దీపాల గుండు దగ్గర కొడవలితో కూర్చుంది. కంపెనీ మనిషి ఇంగ్లీషు మాటలతో ఏవేవో చెప్పి పక్కకు జరిగాడు. యంత్రం కదిలి గుండు వైపే పోతోంది. యాదమ్మ కంగారుగా వెనక్కి తిరిగి, ఏది తొక్కితే ఆగుతదని నన్ను అడిగింది.

"దాపటిది" అన్నాను.

సుబ్బారావుగారికి అర్థం కాలేదు, కంపెనీ మనిషికి అర్థం కాలేదు. యంత్రం ఆగింది.